ఐదు కేజీల రాయి

ఆ ఏడు శ్రావణంలో మారెమ్మకు రెండు పొట్టేళ్లు కొట్టాం. వాన మాత్రం రాలేదు. నాలుగో ఏడు కరువది. చెనక్కాయ విత్తనాలు పొలంలో వేసినవాడు వేసినట్టే పోగొట్టుకున్నాడు. వేయనివాడు ఇంట్లో వేయించుకుని తిన్నాడు. ఇద్దరిలో తెలివైనవాడు తిన్నవాడే.

దేవర చేసినప్పుడు మాంసాన్ని ఇంటింటికీ పాలు వేసి పంచడం మా ఊరి వాడుక. అరవై ఇళ్లు, అరవై కుప్పలు. ఎప్పుడూ కంటి అంచనాతోనే వేసేవాళ్లు. కడుపు నిండిన కాలంలో కంటి అంచనా చాలు. కిందటేడు తన కుప్పలో ఎముకలు ఎక్కువ పడ్డాయని వీరప్ప కొడవలి తీశాడు. అందుకని ఈసారి ఊరి పెద్ద బయ్యన్న తూకం వేసి పంచాలన్నాడు. తూకం అనగానే అందరూ నా వైపు తిరిగారు.

కాటా నల్లప్ప అంటే చుట్టుపక్కల మూడు ఊళ్లకు తెలుసు. ఐదో తరగతిలో బడి మాని శ్రీరంగప్ప మండీలో గోతాలు మోయడానికి పోయాను. తరువాత కాటా దగ్గర నిలబెట్టారు. అక్కడే ఇరవై రెండేళ్లు. చెనక్కాయల గోతాన్ని ఒక్కసారి ఎత్తి దించితే చాలు, బరువు చెప్పేసేవాణ్ణి. కాటా ముల్లు నా మాటకు అరకేజీ అటో ఇటో వచ్చి నిలబడేది. షావుకారు కన్ను గీటితే ఆ ముల్లు తక్కువ చూపేటట్టు చేయడం కూడా వచ్చు. రైతు అటు తిరిగినప్పుడు కాలి బొటనవేలితో చేసే పని అది. ఇప్పుడు దాచి ఏం లాభం? పంటలు పోయాక శ్రీరంగప్ప మండీ మూసి కాటాలన్నీ లారీకెత్తించుకుని అనంతపురం పోయాడు. నాకు మిగిలింది ఐదు కేజీల ఇనుప రాయి ఒక్కటే. దాన్ని ఆయన మరిచిపోయాడు, నేను గుర్తు చేయలేదు.

"తూసేకి కాటా యాడుండాదన్నా?" అని బయ్యన్నను అడిగాను.

"అంగన్‌వాడీలో ఉండాది కదప్పా, బిడ్డలను తూసేది. పోయి తీసకరాపో."

అంగన్‌వాడీ టీచరు జయంతి మా ఊరి కోడలే. నేను అడిగిన మాట విని ఆమె మొహం మాడ్చుకుంది.

"బిడ్డలను కూచోబెట్టేదన్నా ఇది. దీనికి మాంసం తగిలిస్తే బాగుంటాదా? సూపర్‌వైజరమ్మకు తెలిస్తే నన్ను తీసేస్తాది."

"దేవర మాంసమే కదమ్మా. అడిగింది బయ్యన్న. నీకీ పని ఇప్పించిందెవరు?"

ఆమె లోపలికి పోయింది. పెట్టె తాళం తీసింది. గడియారం లాంటి ఇనుప డబ్బా అది. పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం. పైది దూలానికి తగిలిస్తారు. కింది దానికి గుడ్డ ఉయ్యాల కట్టి బిడ్డను కూర్చోబెడితే ముల్లు తిరుగుతుంది.

"ఇరవై అయిదు కేజీలకు మించి పెట్టొద్దన్నా. దాని మీదే రాసుండాది," అంది.

"తూకం గురించి నువ్వు నాకు చెప్తాండావా?" అన్నాను.

వేపకొమ్మకు కాటా వేలాడదీశాను. ఒక పొట్టేలును ఒకసారి, రెండోదాన్ని ఇంకోసారి తూస్తే సరిపోయేది. కానీ ఈగలు ముసురుతున్నాయి, ఆకలి మీదున్న జనం అరుస్తున్నారు.

"ఏమప్పా నల్లప్పా! శ్రీరంగప్ప మండీలో దినానికి నూరు గోతాలు తూసినోడివి. రెండు పొట్టేళ్లకు పొద్దు గూకిస్తావా?" అన్నాడు వీరప్ప.

ఆ మాట నాకు తగిలింది. రెండు పొట్టేళ్ల మాంసాన్నీ ఒకే గోతంలో కూరించాను. గోతం కనిపిస్తే ఒక్క పెట్టులో తూసేయడం నా చేతికి అలవాటు. ఇద్దరు ఎత్తి పట్టుకుంటే కొక్కేనికి తగిలించి, వదలమన్నాను. ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగి, రెండో చుట్టులో కొంత దూరం పోయి ఆగింది. లోపల ఏదో టక్కుమంది. ఆ చప్పుడు నాకొక్కడికే వినిపించింది. గోతం దించాక చూస్తే ముల్లు సున్నా దగ్గరికి రాలేదు. రెండున్నర మీద నిలబడిపోయింది.

"ఎంతొచ్చిందప్పా?"

"సరిగ్గా నలభై," అన్నాను. అది నా భుజం చెప్పిన లెక్క. ఒక్కో కుప్పనూ తూసేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు, మాంసాన్ని ఎప్పటిలాగే కంటి అంచనాతో అరవై కుప్పలు వేశారు. నా పాలులో ఎముకలే ఎక్కువ పడ్డాయి.

కాటాను ఇంటికి తెచ్చి బూడిదతో తోమాను. వెనక ఒక మర ఉంటుంది. దాన్ని కత్తి మొనతో తిప్పి ముల్లును సున్నా మీదికి తెచ్చాను. తరువాత నా ఐదు కేజీల రాయిని తగిలించి చూశాను. ఆరుంబావు చూపించింది. తీసి మళ్లీ తగిలించాను. ఆరుంబావే. మర తిప్పితే ముల్లు వెనక్కి వస్తుంది గానీ, సాగిపోయిన స్ప్రింగు వెనక్కి రాదు.

జయంతి చేతికిస్తుంటే, "ఏమీ కాలేదు కదన్నా?" అని అడిగింది.

"ఏమయితాది?" అన్నాను.

ఇరవై రెండేళ్లు రైతుకు తక్కువ చూపించినవాణ్ణి. ఈ కాటా ఎక్కువ చూపిస్తుంది, అంతేగా. బిడ్డ బరువు పెరిగిందంటే ఏ తల్లి ఏడుస్తుంది? ఆ రోజు నేను చేసిన ఆలోచన ఇంతే.

కానీ ఆ ముల్లుకు ఇంకో పని ఉంది. ప్రతి నెలా బిడ్డను తూసి కార్డులో చుక్క పెడతారు. కార్డు మీద వంపు తిరిగిన గీతలుంటాయి. చుక్క అడుగు గీత కిందికి పడితే థర్డ్ గ్రేడు. థర్డ్ గ్రేడు బిడ్డకు రెండింతల పిండి, నూనె ఇస్తారు. రెండు నెలలకోసారి జీపు వచ్చి అలాంటి బిడ్డలను తల్లులతో సహా అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోతుంది. మందులు ఉచితం, తల్లికి కూడా అన్నం పెడతారు. గీత పైన ఉన్న బిడ్డకు మామూలు పిండి, మామూలు మాటలు.

ఆ కిందటి నెల మా ఊళ్లో థర్డ్ గ్రేడు బిడ్డలు పదకొండు మంది. దేవర అయిన నెల ఇద్దరే తేలారు. ఆ మరుసటి నెల ఒక్కరూ లేరు. సూపర్‌వైజరమ్మ వచ్చి రిజిస్టరు చూసి చప్పట్లు కొట్టించింది.

"జిల్లా అంతా బిడ్డలు ఎండిపోతాంటే నీ సెంటర్లో థర్డ్ గ్రేడే లేదు. ఏం చేసినావు జయంతీ?"

"తల్లులకు బాగా చెప్పినా మేడమ్," అంది జయంతి.

ఆమెకు తెలుసో తెలియదో నేను చెప్పలేను. రోజూ ఆ బిడ్డలను ఎత్తుకునే మనిషి ఆమె. తెలియకపోతే ఎలా? కానీ తెలిసినా రాసేది ముల్లు చెప్పిందే కదా. రెండింతల పిండి ఆగిపోయింది. ముల్లు మీద బిడ్డలు లావయ్యారు, ఇళ్లలో పిండి సగమయింది. ఆ చలికాలంలో ఊళ్లో ఇద్దరు బిడ్డలు పోయారు. ఒకడికి దిష్టి తగిలిందన్నారు, ఇంకొకడికి గాలి సోకిందన్నారు. నేను వెళ్లి ఇద్దరికీ గుంతలు తవ్వాను. నోరు తెరవలేదు.

ఆ ఏడే మా కూతురు చౌడేశ్వరి కాన్పుకు వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి కదా. అల్లుడు తిప్పేష్ బెంగళూరులో కట్టడాల పనికి పోయేవాడు. కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని చేతిలోంచి నా చేతికి రాగానే తెలిసింది, రెండుంబావు. చెప్పలేదు. పుట్టిన బిడ్డ బరువు పైకి చెప్పకూడదని మా ఆవిడ మారెక్క నా నోరు మూసింది. నాకూ కావాల్సింది అదే. పేరు అత్తవారింట్లో పెట్టాలి కాబట్టి అందరం పాప అనే పిలిచేవాళ్లం. కార్డు మీద కూడా 'చౌడేశ్వరి పాప' అనే రాశారు.

ఐదో నెలలో తల్లినీ బిడ్డనూ అత్తవారింటికి పంపాలి. బిడ్డ ఒళ్లు చేసి ఉంటే పుట్టింటివాళ్లు బాగా చూసుకున్నారంటారు. బక్కగా ఉంటే నాలుక పీక్కోవాలనిపించే మాటలంటారు. అందుకని మా ఇంట్లో ఆ కార్డంటే దేవుడి పటంతో సమానం. మారెక్క దాన్ని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది. ఎవరొచ్చినా తీసి చూపించేది.

"చూడు, గీత మీదనే ఉండాది మా పాప. కరువులో కూడా."

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. వచ్చే నెల చెబుదామనుకున్నాను. వచ్చే నెల వచ్చేది, పాపను ఉయ్యాలలో పెట్టేవాళ్లు, జయంతి పైకి చదివేది, మారెక్క చేతులు తిప్పి మెటికలు విరిచేది. ఆ సంతోషం మధ్యలో నిలబడి, ఇది మాంసం తూసి నేను చెడగొట్టిన కాటా అని ఎలా చెప్పేది? చెబితే ఆ ఇద్దరు బిడ్డల తండ్రులు నా గడప ముందు నిలబడతారు. జయంతి బతుకు పోతుంది. బయ్యన్న నన్ను ఊళ్లో ఉండనీయడు. ఇవన్నీ సాకులే. అసలు సంగతి వేరు. తూకంలో నల్లప్ప తప్పు చేశాడు అనే మాట నా చెవులతో నేను వినలేను. నా దగ్గర ఇంకేముంది? చదువు లేదు, పొలం లేదు. ఆ పేరొక్కటే ఉంది.

చౌడేశ్వరికి పాలు తక్కువ. ఆమె తిన్నది జొన్నసంగటి, ఎర్రకారం. కరువుకని పెట్టిన గంజి కేంద్రంలో ఇచ్చే గంజి కూడా తాగేది. ఎండాకాలం వచ్చేసరికి ఆమె గాజులు మోచేయి దాకా జారేవి. అల్లుడు బెంగళూరు నుంచి రాలేకపోయాడు. ఐదో నెల దాటి ఆరో నెల పడింది.

వైశాఖంలో ఒక శుక్రవారం. ఆ రోజు జీపు వచ్చే రోజు. పొద్దున్నే తెల్ల జీపు అంగన్‌వాడీ ముందు ఆగింది. డ్రైవరు ఈశ్వరప్ప చెట్టు నీడన బీడీ వెలిగించాడు.

"ఎందరుండారమ్మా ఎక్కేటోళ్లు?" అని లోపలికి కేకేశాడు.

"మా ఊర్లో ఎవరూ లేరన్నా," అంది జయంతి.

"ఒక్కరూ లేరా? మీ ఊరి నీళ్లలో ఏముండాదమ్మా, మా ఊరికి కూడా రెండు బిందెలు పంపించు!"

అందరూ నవ్వారు. చౌడేశ్వరి నవ్వలేదు. పాపను ఉయ్యాలలో పెట్టింది. నేను గడపలో నిలబడ్డాను. ముల్లు తిరిగి ఆగింది.

"ఐదుంబావు," అని జయంతి చదివింది. కార్డులో చుక్క పెట్టింది. "సెకండ్ గ్రేడు. ఏం భయం లేదు చౌడేశ్వరీ. గుడ్డు, ఆకుకూరలు పెట్టు."

గుడ్డట. ఆకుకూరలట. ఊళ్లో ఆకు యాడుంది?

చౌడేశ్వరి బిడ్డను ఎత్తుకుని అక్కడే నిలబడింది. జీపు వైపు చూసింది, నా వైపు చూసింది.

"నాయనా, నాకెందుకో అనుమానంగా ఉండాది. తలకాయి ఒక్కటే పెద్దగా కనిపిస్తాండాది. కాళ్లు చూడు, కోడిపిల్ల కాళ్ల మాదిరి. నువ్వు ఎత్తుకొని చెప్పు. నీ చేతికి ఎంతొస్తాది?"

"మిషన్ చెప్పినాక ఇంకేమే?" అని మారెక్క కసిరింది.

"మిషన్‌కు ఏం తెలుసమ్మా? నాయన చెయ్యి తప్పు చెప్పదు."

పాపను నా చేతుల్లో పెట్టింది. ఎత్తగానే తెలిసింది. నాలుగు, దానిమీద రెండు వందల గ్రాములు, అంతే. ఆ వయసు బిడ్డకు నాలుగున్నర దాటకపోతే థర్డ్ గ్రేడు. జయంతి అందరికీ చెప్పే మాటే అది, నాకు కంఠతా వచ్చు. పాప నా చొక్కా గుండీ పట్టుకుంది. పట్టుకునే బలం కూడా లేదు, వేళ్లు దానిమీద పెట్టి ఉంచింది. గదిలో ఇరవై మంది ఆడవాళ్లున్నారు. జయంతి నన్నే చూస్తోంది. ఆ చూపులో ఏముందో ఈ రోజుకీ నాకు తెలియదు. బయట ఈశ్వరప్ప బీడీ పారేసి జీపు ఎక్కాడు.

"చెప్పు నాయనా."

"ఐదుంబావే తల్లీ," అన్నాను.

చౌడేశ్వరి మొహం తేలికపడింది. పాపను భుజాన వేసుకుంది. ఖాళీ జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

నాలుగో రోజు పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పోశాం. తాగిన నీళ్లు తాగినట్టే పోయాయి. రెండు రోజులు చూసి బస్సులో అనంతపురం తీసుకుపోయాం. బుక్కరాయసముద్రం చెరువు పక్కన బస్సు ఆగినప్పుడు చూశాను, చెరువు నడుమ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. తిప్పేష్‌కు ఫోన్ చేయించాను. బెంగళూరు రైలు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. బిడ్డ పుట్టాక అతను చూడటం అది రెండోసారి.

ఆసుపత్రిలో బల్ల కాటా మీద పాపను పడుకోబెట్టారు. మూడు కేజీల తొమ్మిది వందలు. డాక్టరు వయసులో నాకంటే చిన్నవాడు, రెండు రాత్రులు నిద్ర లేనట్టున్నాడు. కార్డు అడిగి తీసుకున్నాడు. కార్డు వైపూ పాప వైపూ మార్చి మార్చి చూశాడు.

"శుక్రవారం ఐదుంబావు. ఈ రోజు నాలుగుకు తక్కువ. ఆరు రోజుల్లో కేజీ మీద మూడు వందలు పోయిందా? ఏమ్మా, బిడ్డకు ఏం పెట్టావు? ఏమైనా పెట్టావా అసలు?"

"పాలిచ్చినా సార్. పిండి కలిపి పోసినా," అంది చౌడేశ్వరి.

"కార్డు చూస్తే బంగారం లాంటి బిడ్డ. ఇన్ని నెలలు పెరిగిన బిడ్డ వారంలో ఇట్లా అవుతుందా? ఎక్కడ పారేసి పోయావు?"

అతని తప్పు లేదు. కార్డు చదువుకున్నవాడు కార్డునే నమ్ముతాడు. తిప్పేష్ పెళ్లాం వైపు తిరిగాడు.

"ఏమే, ఏం చేసినావే బిడ్డను? ఆడ నేను సిమెంటు మోస్తాంటే ఈడ నువ్వు బిడ్డను ఎండబెట్టినావా?"

అప్పుడు నేను నోరు తెరిచాను. దేవర నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. గోతం, స్ప్రింగు, మర, ఐదు కేజీల రాయి. డాక్టరు సగం విని, "ఇప్పుడవన్నీ ఎందుకు పెద్దాయనా, పక్కకు జరుగు," అని సూది కోసం పాప చేతిలో నరం వెతుక్కున్నాడు. తిప్పేష్ పూర్తిగా విన్నాడు. విని, నన్ను జాలిగా చూశాడు.

"కూతురి మీద మాట పడకూడదని ఎంత కత అల్లినావు మామా. నీ కార్డును నువ్వే అబద్ధమంటావా? ఇంతకాలం లేని నిజం ఈ రోజు యాడ నుంచి వచ్చింది?"



చౌడేశ్వరి మాత్రం నమ్మింది. లోకంలో నన్ను నమ్మింది ఆమె ఒక్కతే. గోడకు ఆనుకుని కూర్చుని నా చేతుల వైపు చూసింది.

"ఆ రోజు ఎత్తుకొని చూసినావు కదా నాయనా," అంది. "జీపు ఆడనే ఉండె."

ఆ తరువాత ఆమె నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడదు. పాప మరుసటి రోజు మధ్యాహ్నం పోయింది. పేరు లేకుండానే పోయింది. ఆసుపత్రి కాగితంలో కూడా 'చౌడేశ్వరి పాప' అనే రాశారు.

పది రోజులయ్యాక తిప్పేష్ తన పెద్దలను పిలుచుకొచ్చి మా ఊళ్లో పంచాయితీ పెట్టాడు. కార్డు తెచ్చి బయ్యన్న ముందు పెట్టాడు. బిడ్డను చంపుకున్న ఆడది నాకొద్దు అన్నాడు. నేను లేచి మళ్లీ మొత్తం చెప్పాను. అరవై ఇళ్లవాళ్లూ అక్కడే ఉన్నారు, పాలు తీసుకుపోయినవాళ్లే అందరూ.

"కాటాతో తూసినామా?" అన్నాడు బయ్యన్న. "మనూర్లో మాంసం ఎప్పుడూ కంటి అంచనాతోనే కదప్పా పంచేది. ఏం వీరప్పా?"

"కంటి అంచనాతోనే అన్నా," అన్నాడు వీరప్ప. అది అబద్ధమూ కాదు, పంచింది అంచనాతోనే.

"నేను కాటా ఎవరికీ ఇయ్యలేదు," అంది జయంతి. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, నేల చూసుకుంటూ అంది.

"అయితే పోదాం పదండి," అన్నాను. "కాటా అంగన్‌వాడీలోనే ఉండాది. నా ఐదు కేజీల రాయి తెస్తా. తగిలించి చూడండి. ఐదు చూపిస్తే నన్ను చెప్పుతో కొట్టండి."

రాయి భుజాన పెట్టుకుని నేను ముందు నడిచాను, వాళ్లందరూ వెనక వచ్చారు. జయంతి తాళం తీసింది. దూలానికి కొత్త కాటా వేలాడుతోంది. ఎర్రరంగు, అద్దం మీద కాగితం కూడా ఇంకా చింపలేదు. రాయి తగిలించాను. ముల్లు సరిగ్గా ఐదు మీద నిలబడింది.

"థర్డ్ గ్రేడు లేని సెంటరని మేడమ్ మెచ్చుకొని పోయిన వారం కొత్తది ఇచ్చిందన్నా," అంది జయంతి గొణుగుతూ. "పాతది తీసకపోయింది. వేరే సెంటరుకు ఇస్తాదంట."

తిప్పేష్ నవ్వలేదు కూడా. "చూసినారు కదా," అని పెద్దలతో అని, కార్డు జేబులో పెట్టుకుని పోయాడు. చెప్పుతో కొట్టమన్నాను గానీ ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

సూపర్‌వైజరమ్మ దగ్గరికి పోయాను. "పాత కాటానా? యాడికి పంపినామో రాసుకోలేదు. అయినా అది బాగానే ఉండె కదా," అంది.

ఆ రోజు నుంచి రాయిని సంచిలో వేసుకుని తిరుగుతున్నాను. పని దొరికిన రోజు పని, దొరకని రోజు ఏదో ఒక ఊరు. అంగన్‌వాడీ కనిపిస్తే లోపలికి పోతాను. మీ కాటాకు ఈ రాయి ఒకసారి తగిలించి చూస్తానంటాను. కొందరు కానిమ్మంటారు. కొందరు పిచ్చోడని తలుపు వేస్తారు. ఒకామె చీపురు తీసింది. పద్నాలుగు ఊళ్లు చూశాను. కాటా దొరికితే భుజాన వేసుకుని తిప్పేష్ ఊరికి పోయి వాళ్ల చావడిలో వేలాడదీయాలని ఆలోచన. అప్పుడైనా చౌడేశ్వరిని తీసుకుపోతాడేమోనని.

మృగశిర వానలు నాలుగు చినుకులు రాలాయి. వజ్రకరూరు పక్క ఎర్ర చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వంగి నడుస్తున్నారు. నా సంచి బరువు చూసి ఒకాయన ఆపాడు.

"ఏమప్పా, దొరికిందా?"

రాయి తీసి చూపించాను. పగలబడి నవ్వాడు.

ఆ చేల అవతల కొట్టాల్లోని అంగన్‌వాడీలో దొరికింది. చూడగానే గుర్తుపట్టాను. వెనక మర మీద నా కత్తి గీతలున్నాయి. కింది కొక్కెం మలుపులో బూడిదకు కూడా వదలని నల్లటి జిడ్డుంది. అక్కడి టీచరు మంచామె. ఎందుకని కూడా అడగకుండా తగిలించుకోమంది. ఆరుంబావు.

"చూడమ్మా, ఇది ఐదు కేజీల రాయి. గవర్మెంటు ముద్ర చూడు. నీ కాటా ఎంత చూపిస్తాండాది?"

ఆమె దగ్గరికొచ్చి ముద్ర చూసింది, ముల్లు చూసింది.

"నీ రాయే తప్పేమో తాతా. మా కాటా వచ్చినప్పటి నుంచి మా కాడ థర్డ్ గ్రేడు ఒక్కరు కూడా లేరు, తెలుసా? మేడమ్ ఎంత మెచ్చుకున్యాదో."

నాకు నలభై ఏడేళ్లు. తాతా అంది.

"ఈ కాటా నాకియ్యి తల్లీ. రెండు దినాల్లో తెచ్చిస్తా."

"గవర్మెంటు సామాను ఎట్లిస్తా? బయటి పనులకు ఇస్తే నా ఉద్యోగం పోదా?"

గుమ్మంలో ఒక తల్లి బిడ్డతో నిలబడి తన వంతు కోసం చూస్తోంది. ఇరవై ఏళ్లుంటాయేమో. గాజులు మోచేయి దాకా జారి ఉన్నాయి. చేతులు చాపాను. ఏదో పెద్దమనిషి ముద్దు చేస్తాడనుకుని బిడ్డను ఇచ్చింది. మగబిడ్డ. ఏడవలేదు. ఏడ్చే ఓపిక ఉన్న బిడ్డ కాదు.

"నాలుగు కేజీలు," అన్నాను. "నాలుగే తల్లీ, ఒక్క గ్రాము ఎక్కువ లేదు. ఈ రోజే పెద్దాసుపత్రికి తీసకపో. ఈ మిషన్ మాట నమ్మొద్దు."

ఆమె మొహం మారిపోయింది. బిడ్డను లాక్కుంది.

"నీ నోట్లో మన్ను పడ! బిడ్డ బరువు మీద కన్నేస్తావా? పోయిన నెల నాలుగూ ముప్పావు రాసినారు, చూడు కార్డు. మిషన్ కంటే నీ చెయ్యి గొప్పదా?"

"పో తాతా, పొద్దున్నే బిడ్డల కాడ అపశకునం మాట్లాడొద్దు," అంది టీచరు. నా రాయిని కొక్కెం నుంచి విప్పి సంచిలో పడేసి, ఉయ్యాల కట్టి బిడ్డను కూర్చోబెట్టింది.

ముల్లు తిరిగి ఆగింది.

"ఐదు," అని చదివి, రాసుకుంది. తల్లి నా వైపు చూసి, బిడ్డ చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది.